ఆరు తూటాల చక్రం, మూడు చోట్ల ఒకే నంబరు

ఇబ్రహీంపట్నం అనగానే ఆయుధాల సంగతి తెలిసినవాళ్లకు ఇప్పుడు ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రం గుర్తొస్తుంది. అక్కడి తుపాకులన్నీ ఈ కాలానివి. వాటికి వందేళ్ల ముందటి పనితనం చూడాలంటే మనసును హైదరాబాద్ నగరానికి అవతలి వైపు, బొల్లారం, తిరుమలగిరి పటాలాలుండిన సికింద్రాబాద్ కంటోన్మెంటు వైపు తిప్పాలి. బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారుల నడుముకు వేలాడిన ఆయుధాల్లో ముఖ్యమైనది వెబ్లీ రివాల్వర్. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం సంస్థానం నుంచి హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టుకు, అక్కణ్నుంచి పాలస్తీనాకు వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకం మీద నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ ఆశ్వికులవే. ఆ యుద్ధం నడుస్తుండగా, 1915లో బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేపట్టిన నమూనా మార్క్ 6. పాత సైనిక పిస్తోలు విలువ కట్టడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. ఎందుకంటే ఇందులో ప్రతి భాగమూ పక్క భాగం గురించి సాక్ష్యం చెబుతుంది.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. ఆరు అంగుళాల గొట్టం, ఆరు తూటాల చక్రం, .455 అంగుళాల వ్యాసం. బరువు కిలో దాటుతుంది. ఫ్రేము ముందు భాగంలో, కింద ఒక కీలు ఉంటుంది. ఎడమ పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కితే పైనున్న గొళ్ళెం వదులుతుంది. అప్పుడు గొట్టమూ చక్రమూ కలిసి ముందుకు, కిందికి వంగుతాయి. వంగుతుండగానే కీలు దగ్గరున్న చిన్న లీవరు చక్రం మధ్యలోని నక్షత్రాకారపు పలకను పైకి నెడుతుంది. ఆ పలక తూటాల అంచులను పట్టుకుని ఆరింటినీ ఒకేసారి బయటికి తోస్తుంది. పూర్తిగా వంగేసరికి లీవరు పట్టు జారుతుంది, స్ప్రింగు పలకను లోపలికి లాగేస్తుంది, ఆరు గదులూ కొత్త తూటాలకు సిద్ధమవుతాయి. ఒక చేతిలో కళ్లెం ఉన్న మనిషికి అది ఎంత పెద్ద సాయమో ఊహించుకోవచ్చు.

గొళ్ళెం దగ్గర ఇంకో తెలివి ఉంది. అది గొట్టం పై పట్టీ మీదుగా వంపు తిరిగి రెండు పక్కలా పట్టుకుంటుంది. అది పూర్తిగా పడకపోతే సుత్తి ముందుగా దానికే తగులుతుంది, తూటా దాకా చేరదు. సరిగ్గా మూయని రివాల్వర్ పేలదన్నమాట. గురి చూసే వెనక గాడిని కూడా ఆ గొళ్ళెంలోనే కోశారు. ఒకే ఉక్కు ముక్క తాళం, కాపలా, చూపు మూడూ అయింది. నాకు ఈ తుపాకీలో అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఇక అసలుతనం. మొదట వెతకాల్సింది నంబరు. ఫ్రేము మీద, గొట్టం మీద, చక్రం మీద నంబరు ఒకటే కావాలి. ఈ భాగాలను ఒకదానికొకటి చేత్తో సరిచూసి బిగించారు కాబట్టి నంబరు కలవడం ఉత్త అలంకారం కాదు. వేరే చక్రం పెడితే గదికీ గొట్టానికీ సూటి తప్పవచ్చు. నంబరు చూశాక తుపాకీ పూర్తిగా ఖాళీ అని నిర్ధారించుకుని, మూసి, గొట్టాన్ని పక్కలకు మెల్లగా కదిపి చూడాలి. కీలు అరిగి ఉంటే ఆ కదలిక వేళ్లకే తెలుస్తుంది.

తర్వాత ముద్రలు. సైన్యానికి చేసినవాటికి ఎడమ పక్క కంపెనీ పేరు, మార్క్, సంవత్సరం ఉంటాయి. వెడల్పు బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది. బాణంతో పాటు ఇంగ్లిష్ అక్షరం ‘ఐ’ కనిపిస్తే అది ఇండియా ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. బాణం లేనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. చాలామంది అధికారులు తమ రివాల్వరును సొంత డబ్బుతో కొనుక్కునేవారు. అలాంటి వెబ్లీల మీద ఆర్మీ అండ్ నేవీ వంటి దుకాణాల పేర్లు చెక్కి ఉండటం కద్దు. 1921 నుంచి 1926 దాకా ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం కూడా మార్క్ 6ను తయారుచేసింది. వాటి మీద వెబ్లీ పేరు లేకపోవడమే సహజం.

నకిలీలూ ఉన్నాయి. ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు చిన్న పనిముట్లతో, ఆకురాయితో వెబ్లీని దించేవారు. ఆ చేతిపనికి నా గౌరవం ఉంది. కానీ ముద్రల్లో అక్షరాలు తలకిందులవుతాయి, స్పెల్లింగు తప్పుతుంది, బాణం వంకరపోతుంది. లోహం ఎలాంటిదో చెప్పలేం కనుక వాటిని పేల్చడం ప్రమాదం.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది పైపూత చదవడానికి. అసలు నీలిపూత చేతులు తగిలినచోట, తోలు ఒర రాసుకున్నచోట పలచబడుతుంది. గొట్టం మూతి దగ్గర, చక్రం అంచుల్లో, పిడి వెనక పట్టీ మీద బూడిదరంగు బయటపడుతుంది. తరాలు తొక్కిన గడప మధ్యలోనే అరిగినట్టు, వాడిన తుపాకీ వాడినచోటే అరుగుతుంది. తుపాకీ అంతా ఒకే నలుపుతో మెరుస్తుంటే అనుమానించాలి. అప్పుడు భూతద్దంతో అక్షరాల అంచులు చూడాలి. ఎమరీ కాగితంతో రుద్దితే ముద్రల వాడి పోతుంది, స్క్రూ గుంటల చుట్టూ ఉక్కు పళ్లెంలా లోపలికి దిగుతుంది, పాత తుప్పు గుంటల అడుగున కొత్త నలుపు చేరుతుంది. పిడి పలకలు వల్కనైట్ అనే గట్టి రబ్బరువి. అవి ఏళ్ల వెలుగుకు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒళ్లు బూడిదయిన తుపాకీకి నిగనిగలాడే నల్ల పలకలుంటే అవి తర్వాత వచ్చినవే కావచ్చు. గొట్టం చివరి గురిబిళ్లను ఒక స్క్రూతో బిగించారు, కాబట్టి అది కూడా మారి ఉండొచ్చు. సైనిక వర్క్‌షాపులో జరిగిన మరమ్మతు వేరు, అమ్మకం కోసం చేసిన మెరుగు వేరు. మొదటిది ఆ తుపాకీ చరిత్రలో భాగమే. రెండోది ఆ చరిత్రను చెరిపేస్తుంది, ధరనూ దించుతుంది.

చక్రం వెనక ముఖాన్ని తప్పకుండా చూడాలి. .455 తూటాలు దొరకడం కష్టమయ్యాక, అమెరికన్ .45 ఆటోమేటిక్ తూటాలు పట్టేలా చాలా మార్క్ 6 చక్రాల వెనక భాగాన్ని కోసేశారు. ఆ కోత ఇక పూడదు. పైగా ఆ తూటా పీడనం ఈ రివాల్వరుకు ఉద్దేశించినదానికంటే ఎక్కువ. నంబర్లన్నీ కలిసినా, పూత చక్కగా ఉన్నా, కోసిన చక్రం ఉన్నది కోయనిదానికి సాటిరాదు.

ఈ కీలు పద్ధతి మన దేశంలో అంతరించలేదు. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరుకూ, మహిళల కోసమని 2014లో వచ్చిన తేలికపాటి ‘నిర్భీక్’కూ మూలం వెబ్లీయే. వాటిని తెరవడం చూసినవారికి మార్క్ 6 పరాయిదనిపించదు.

చివరగా కాగితాలు. తాతల నాటి లైసెన్సు ఉంటే, అందులో రాసిన నంబరు ఫ్రేము మీది నంబరుతో కలిస్తే, ఆ వస్తువు విలువ ఎంతో పెరుగుతుంది. నిజాం రాజ్యంలో ఇచ్చిన కాగితమైతే అది ఉర్దూలో ఉండొచ్చు, చదివించి నకలు తీయించి పెట్టుకోవాలి. పాతది కదా అని ఇంట్లో ఉంచుకోవడం మాత్రం చెల్లదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయించేది మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలను మాత్రమే. పనిచేసే మార్క్ 6 ఈ మినహాయింపులోకి రాదు. అటకమీద అలాంటిది దొరికితే తుడవక ముందే, రుద్దక ముందే పోలీసులకు తెలియజేయాలి.