ఎక్కడ ఆగింది?

టీవీ దగ్గర ఏ తేడా వచ్చినా మన చెయ్యి ముందు స్విచ్ మీదికే పోతుంది. ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే బాగుపడుతుందని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చాలాసార్లు నిజంగానే బాగుపడుతుంది. అయినా రికార్డింగ్ అవడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట చెప్పే మాట, "ఉండండి, ఇంకా ఏదీ ఆపకండి" అని. ఆపి వేస్తే సెట్‌టాప్ బాక్సు దారిలో పడొచ్చు. ఎందుకు దారి తప్పిందో చెప్పే ఆధారం మాత్రం దాంతోపాటే పోతుంది. రేపు మళ్ళీ అదే కార్యక్రమం అలాగే తెగుతుంది.

రికార్డింగుల జాబితా తెరిపించి, ఎక్కడ ఆగిందో చూసి చెప్పమంటాను. అసలు జాబితాలో పేరే లేదా? పేరుండి సగంలో తెగిందా? తెగితే ప్రతిసారీ ఒకే చోట తెగుతోందా, రోజుకో చోటా? లేక నిడివి మొత్తం ఉండి, వేస్తే నల్లగా వస్తోందా? చూసేవాళ్ళకు ఇవన్నీ "రికార్డవలేదు" అన్న ఒకే ఫిర్యాదు. వెతికేవాడికి మాత్రం ఒక్కోటి ఒక్కో గదికి తీసుకెళ్ళే తలుపు. ఈ పని మీద నాకు ఇష్టం కలగడానికి కారణం ఇదే. యంత్రం విప్పక్కర్లేదు, పరికరాలు కొనక్కర్లేదు. పాడైన పని తన గుర్తు వదిలిపెడుతుంది, దాన్ని ఓపిగ్గా చదివితే చాలు.

అమలాపురంలో ఉండే మా పిన్నికి తెల్లవారుజామున టీవీలో వచ్చే ప్రవచనం వినడం ఇష్టం. ఆ వేళకి ఆవిడ వాకిట్లో ముగ్గు దగ్గరో, దేవుడి గదిలోనో ఉంటుంది. అందుకని వాళ్ళబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు బాక్సుకి హార్డ్ డిస్క్ తగిలించి, రోజూ దానంతటదే రికార్డయ్యేలా పెట్టి వెళ్ళాడు. కొన్నాళ్ళకే ఫోన్ వచ్చింది.

"ఏరా, మళ్ళీ అవలేదురా. డిస్కు పాడైపోయిందంటావా?"

"జాబితాలో పేరు కనిపిస్తోందా పిన్నీ?"

"లేదు. శనివారంది ఒక్కటుంది. అది మటుకు చివరిదాకా బ్రహ్మాండంగా వచ్చింది."

"శుక్రవారం రాత్రి ఇంట్లో ఏమైనా తేడాగా జరిగిందా?"

"తేడా ఏముంటుందిరా. మీ బాబాయి రావులపాలెంలో పెళ్ళికని వెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోయారు. నేనొక్కదాన్నే ఉన్నాను."

కారణం ఆ మాటలోనే ఉంది. బాబాయి పడుకునే ముందు ఇల్లంతా ఓసారి తిరిగి, కనిపించిన ప్రతి స్విచ్చూ ఆపుతారు. ఆయన ఊళ్ళో లేని రాత్రే బాక్సు మేలుకుని ఉంది. రిమోట్‌తో ఆపిన బాక్సు ఎర్రదీపంతో కునుకు తీస్తూ వేళ కాగానే లేస్తుంది. గోడ దగ్గర ఆపితే అది లేవలేదు, జాబితాలో పేరూ పడదు. డిస్కు బంగారంలా ఉంది.

బాబాయి చేసేది తప్పని నేను అనలేదు, అనను కూడా. స్టాండ్‌బైలో ఉన్న బాక్సు కూడా కరెంటు తింటుంది. పది వాట్లు అనుకున్నా రోజంతా ఉంచితే నెలకు ఏడు యూనిట్లు పైన. గోదావరి జిల్లాల్లో పిడుగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని టీవీని, బాక్సును ఒకే బోర్డు మీద ఉంచకుండా విడదీయించాను. రాత్రి అన్నీ ఆపినా బాక్సు ప్లగ్గు ఉంచాలి, ప్రవచనం అయిపోయాక పొద్దున్నే దాన్ని ఆపేయొచ్చు. మబ్బు పట్టి గాలి మొదలైతే, ఉరుములు దగ్గరికి రాకముందే ప్లగ్గుతోపాటు డిష్ నుంచి వచ్చే తీగ కూడా విప్పెయ్యాలి. ఆ రోజు రికార్డింగ్ లేకపోయినా ఫర్వాలేదు.

ఇలాంటివి బాక్సు కంపెనీ కాల్ సెంటర్లో తేలవు. వాళ్ళు డిస్కు పేరు అడుగుతారు, సిగ్నల్ శాతం అడుగుతారు, రీసెట్ చెయ్యమంటారు. ఆ ఇంట్లో రాత్రి ఎవరు ఆఖరున పడుకుంటారని అడగరు. నేను మాత్రం ఆ ప్రశ్న వదలను.

ప్రతిసారీ ఒకే చోట తెగే రికార్డింగ్ నాకు చాలా నచ్చే సమస్య, ఎందుకంటే దాన్ని కాగితం మీద లెక్కవేసి పట్టుకోవచ్చు. ఒక హెచ్‌డీ ఛానల్ బొమ్మ సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వస్తోందనుకుందాం. అంటే సెకనుకు ఒక మెగాబైటు, గంటకు 3.6 గిగాబైట్లు. ఇప్పుడు డిస్కు ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే, దాని మీద ఏ ఒక్క ఫైలూ 4 గిగాబైట్లు దాటడానికి వీల్లేదు. డిస్కులో ఎంత చోటున్నా సరే, సినిమా గంటా పది నిమిషాల దగ్గర ఆగిపోతుంది. ఫైలును ముక్కలుగా విడగొట్టుకునే తెలివి కొన్ని బాక్సులకు, టీవీలకు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. అలా లేనిచోట, ఆ పరికరం ఒప్పుకునే వేరే పద్ధతిలో డిస్కును ఫార్మాట్ చెయ్యాలి. కొత్త డిస్కు కొన్నా ఇది తీరదు. ఫ్యాట్‌32 అయితే కొత్తదీ అక్కడే ఆగుతుంది.

క్రికెట్ మ్యాచ్ రోజు వచ్చే ఫోన్లకు కారణం ఇంకా చిన్నది. మ్యాచ్ గడియారం చూసుకుని ఆగదు, బాక్సు గడియారం చూసుకుని ఆగుతుంది. మొదట్లో ఐదు నిమిషాలు, చివర అరగంట కలిపి పెట్టుకుంటే చాలు.

రోజుకో చోట తెగితే నా అనుమానం డిస్కుకు అందే కరెంటు మీదికి పోతుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు నియమం ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. చేతిలో పట్టే చిన్న హార్డ్ డిస్కులు చాలావాటికి లోపలి పళ్ళెం తిరగడం మొదలయ్యే క్షణంలో దానికంటే ఎక్కువ కావాలి. బావి గిలక మీద చేద మొదటి లాగుడుకే బరువు, కదిలాక తేలిక. ఆ మొదటి లాగుడుకి కరెంటు చాలకపోతే డిస్కు టిక్కు టిక్కుమని ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది. ఆ చప్పుడు విని డిస్కు చచ్చిపోయిందని పారేసేవాళ్ళున్నారు. పారేసే ముందు ఒక్కసారి సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ద్వారా తగిలించి చూడమని బతిమాలతాను. పొట్టి తీగ వాడమని కూడా చెబుతాను, పొడవాటి సన్నని తీగలోనే కొంత వోల్టేజీ తగ్గిపోతుంది. కరెంటు అంతా సరిగ్గా అందాక కూడా టిక్కుమంటుంటే అప్పుడు డిస్కునే అనుమానించాలి.

పెన్‌డ్రైవ్ మీద రికార్డు చేసేవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. మొదట్లో చకచకా రాసుకున్న పెన్‌డ్రైవ్ కాసేపటికి వేడెక్కి నెమ్మదిస్తుంది. టీవీ బొమ్మ దాని కోసం ఆగదు కదా. రాసుకోలేని చోట గళ్ళు గళ్ళుగా పడుతుంది. పాటలకూ ఫొటోలకూ పెన్‌డ్రైవ్ చాలు. రోజూ గంటలకొద్దీ రికార్డింగ్‌కు అది తగదన్నది నా అభిప్రాయం.

నిడివి పూర్తిగా ఉండి, బొమ్మ మాత్రం నల్లగానో ముక్కలుగానో ఉంటే ఇక డిస్కును వదిలేసి మేడ మీదికి వెళ్ళాలి. బాక్సు తన పని తాను చేసింది, పైనుంచి రావాల్సిందే రాలేదు. డిష్‌కు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలను గట్టి వాన అడ్డుకుంటుంది. బిగింపు వదులై తీగలోకి నీళ్ళు దిగితే వాన వెలిశాక కూడా రోజుల తరబడి అలాగే ఉంటుంది. వీటికంటే నాకు వింతగా అనిపించేది సూర్యుడి పని. మార్చిలోనూ, మళ్ళీ సెప్టెంబర్ చివరా అక్టోబర్ మొదట్లోనూ, వరసగా కొన్ని రోజులపాటు సూర్యుడు పగటిపూట సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. డిష్ చూస్తున్న చోటే సూర్యుడూ ఉంటాడు కనుక, ఆయన రేడియో హోరులో ఉపగ్రహం మాట వినిపించదు. కొన్ని నిమిషాలు బొమ్మ పోయి, ఏమీ జరగనట్టు తిరిగి వస్తుంది. రోజూ ఒకే వేళకి బొమ్మ పోతుంటే, ఆ నెలల్లో డిష్ మనిషిని పిలిచే ముందు నాలుగు రోజులు ఆగి చూడండి.

ఇక టీవీ వెనకాల చేరిన మిగతా సంసారం. స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి, సౌండ్‌బార్ ఒకటి, బాక్సు ఒకటి, దాని డిస్కు ఒకటి. విడివిడిగా అన్నీ బాగానే ఉంటాయి. ఒకచోట చేరాకే గొడవ. స్టిక్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంటే, దాని పెట్టెలో వచ్చిన అడాప్టర్ పక్కన పెట్టి టీవీ పోర్టు నుంచే కరెంటు ఇస్తున్నారేమో చూస్తాను. సౌండ్‌బార్ మూగబోతే హెచ్‌డీఎంఐ తీగ ఏఆర్‌సీ అని రాసున్న పోర్టులోనే ఉందా అని చూస్తాను. సాధారణంగా టీవీకి అలాంటి పోర్టు ఒక్కటే ఉంటుంది. తీగ అక్కడే ఉన్నా శబ్దం లేకపోతే, టీవీ సౌండ్ సెట్టింగును పీసీఎమ్‌కి మార్చి చూస్తాను. ఒక రిమోట్ నొక్కితే ఇంకో పరికరం ఆగిపోవడం, టీవీ తనంతట తానే వేరే సోర్సుకు దూకడం సీఈసీ అనే ఏర్పాటు వల్ల. శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. మెనూలో ఆ పేరు పట్టుకుని ఆపేసి, ఒక రోజు చూసుకుంటే దోషం దానిదో కాదో తెలిసిపోతుంది.

వీటన్నిటిలో మనిషిని ఎక్కువ తిప్పలు పెట్టేది ఒకటుంది. కొత్త హార్డ్ డిస్క్ తగిలించిన రోజు నుంచి స్టిక్ రిమోట్ సరిగ్గా పనిచెయ్యదు, వైఫై బొమ్మ గిర్రున తిరుగుతూ ఉంటుంది. బ్యాటరీలు మారుస్తారు, ఇంటర్నెట్ కంపెనీతో పోట్లాడతారు. డిస్కును ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అది రికార్డింగ్ చక్కగా చేస్తోంది. యూఎస్‌బీ 3.0 తీగలోనూ పిన్నుల దగ్గరా పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుందని 2012లోనే ఇంటెల్ ఒక పత్రంలో వివరించింది. బ్లూటూత్ రిమోట్లు, పాత వైఫై నడిచేది సరిగ్గా ఆ చోటే. మందు తేలిక. డిస్కును స్టిక్ పక్కనుంచి ఒక మూర దూరం జరపాలి. స్టిక్‌తో వచ్చిన పొట్టి హెచ్‌డీఎంఐ తీగను పారెయ్యకుండా వాడాలి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే వైఫైని దాని మీదికి మార్చాలి. ఇక్కడ కూడా ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నా పట్టుదల. మూడూ ఒకేసారి మార్చి బాగుపడితే, మళ్ళీ పాడైన రోజు మళ్ళీ మొదటికి రావాల్సిందే.

చేతనైనంత వెతికినా నేను బాగుచెయ్యలేనిది ఒకటుంది. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా దూరదర్శన్‌లో రామాయణం వచ్చిన ఆదివారాల్లో, వీసీఆర్ ఉన్న ఇళ్ళు కొన్ని దాన్ని వీహెచ్ఎస్ క్యాసెట్లలో దాచుకున్నాయి. ఆ క్యాసెట్ పక్కింటి వీసీఆర్‌లోనూ ఆడేది, బూజు పట్టకపోతే ఇప్పటికీ ఆడుతుంది. ఇవాళ చాలా డీటీహెచ్ బాక్సులు రాసే రికార్డింగుకు తాళం పడి ఉంటుంది, తాళంచెవి ఆ ఒక్క బాక్సులోనే ఉంటుంది. బాక్సు కాలిపోయి కొత్తది వస్తే, డిస్కు నిక్షేపంగా ఉన్నా అందులోవి తెరుచుకోవు. కంప్యూటర్‌కు తగిలిస్తే అర్థంకాని ఫైళ్ళు కనిపిస్తాయి, అంతే. ఊళ్ళో మన గుడి ఉత్సవం టీవీలో వచ్చిందనో, మనవరాలు నాట్యం చేసిన కార్యక్రమం వచ్చిందనో దాచుకున్నవాళ్ళకు ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పెగలదు.

దీనికంటే ఘోరం ఆ డిస్కును మొదటిసారి తగిలించే క్షణంలో జరుగుతుంది. బాక్సు తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేస్తుంది, డిస్కును ఫార్మాట్ చెయ్యనా అని. ఇంట్లో ఖాళీగా కనిపించిన డిస్కు అది. అందులో పిల్లాడి అన్నప్రాశన ఫొటోలున్నాయని ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. ఓకే నొక్కుతారు. నొక్కేశాక ఫోన్ చేస్తే నేను చెప్పగలిగింది ఒక్కటే. వెంటనే డిస్కు పీకి పక్కన పెట్టండి, దాని మీద ఇంకేమీ రికార్డు చెయ్యకండి. కొత్తది రాయనంత వరకూ పాత ఫొటోలను తిరిగి తీసే అవకాశం కొంత ఉంటుంది.

తెలుగులో అన్ని ఛానళ్ళు అమ్మే కంపెనీలకు ఆ ఒక్క ప్రశ్నను తెలుగులో అడగడం కష్టం కాదు. డిస్కులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని, రికార్డు చేసినవి ఈ బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడవని, ఓకే బటన్‌కు పైన, పెద్ద అక్షరాల్లో రాయాలి. బాక్సు బిగించడానికి వచ్చిన కుర్రాడు కూడా డబ్బు తీసుకుని మెట్లు దిగే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఆ రెండు మాటలూ నోటితో చెప్పి వెళ్ళాలి.