కనిపించని అతుకు

నరసాపురం వైపు వాళ్లకి లేసు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆడవాళ్లు అరుగు మీద చేరతారు. ఒళ్లో దారపుండ ఉంటుంది. నోరు కబుర్లలో, చెయ్యి కొక్కెం సూదిలో. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీలు నేర్పి వెళ్లిన పని అది. ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు అలెన్సాన్ ఊరి లేసు వేరే జాతి. దానికి కొక్కెం లేదు. మామూలు కుట్టుసూది, వెంట్రుకతో పోటీపడే దారం, అంతే. చదరపు సెంటీమీటరుకి 7 గంటలు పడుతుందని లెక్క. బొటనవేలి గోరంత ముక్కకి ఒక పగలు పోయిందన్నమాట.

ఆ లేసుతో ఇల్లు నడిపిన ఒక తల్లి గురించి నా మాట. పేరు జేలీ మార్టిన్. మన విచారణల్లో చిన్న తెరేజమ్మ అని పిలుచుకునే లిసియు పునీతురాలి కన్నతల్లి. 2015లో పోపు ఫ్రాన్సిస్ ఈమెనీ, భర్త లూయీనీ కలిపి పునీతులుగా ప్రకటించారు. భార్యాభర్తలకి జంటగా ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. గుళ్లో ఆమె పటం ముందు నిలబడితే భక్తురాలు కనిపిస్తుంది. నాకు మాత్రం ముందు పనిమంతురాలు కనిపిస్తుంది.

జేలీ 1831లో పుట్టింది. మఠకన్య కావాలనుకుంది. మఠం పెద్దమ్మ వద్దంది. 1851 డిసెంబరు 8న, నిష్కళంక మాత పండుగ రోజున, అలెన్సాన్ లేసు చేయించమని లోపలి నుంచి ఒక ప్రేరణ కలిగిందని తర్వాత చెప్పుకుంది. రెండేళ్లలో, 22 నిండకముందే, సొంత వ్యాపారం పెట్టింది. 1858 జులై 13 అర్ధరాత్రి గడియారాలు బాగుచేసే లూయీ మార్టిన్‌తో అలెన్సాన్ నోత్రదామ్ గుడిలో పెళ్లి.

ఇక పని. నమూనా గీసి తోలుకాగితం మీద సూదితో చుక్కలు పొడుస్తారు. చుక్కల వెంట దారం పరిచి పువ్వుకి హద్దు కడతారు. చుట్టూ వల అల్లుతారు, పువ్వు లోపల నింపుతారు. అంచు ఉబ్బెత్తుగా నిలబడడానికి కింద గుర్రపు వెంట్రుక పెట్టి, దాని మీద దగ్గరదగ్గరగా కాజా కుట్టు వేస్తారు. తర్వాత బ్లేడుతో తోలుకాగితం నుంచి లేసుని విడదీస్తారు. చెయ్యి వణికితే వారాల శ్రమ పోయినట్టే. మిగిలిన దారపు ముక్కలు ఏరేసి, చిరుగులుంటే సరిచేసి, చివర లాబ్‌స్టర్ కొండితో రుద్ది నునుపు తెస్తారు. ఇంత నాజూకు పనికి సముద్రం నుంచి తెచ్చిన పనిముట్టు! ఒక్కో అంచె ఒక్కో మనిషిది. మొత్తం నేర్వాలంటే ఏడు నుంచి పదేళ్లు. 2010లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది ఈ చేతి నేర్పునే.

పనివాళ్లు ఎవరిళ్లలో వాళ్లు కుట్టి గురువారాలు తెచ్చి ఇచ్చేవారు. తెచ్చేవి జానెడు ముక్కలు. వాటిని కలిపి ఒకే లేసుగా చేసేది జేలీ. అన్నిటికంటే కష్టమైన అంచె అదే. ఇద్దరు మనుషుల చేతుల బిగువు ఒకలా ఉండదు. ఒకామె వల కాస్త వదులు, ఇంకొకామెది బిర్రు. ఆ తేడా తెలియకుండా ఒక కన్నులోకి ఇంకో కన్ను ఎక్కించాలి. అతుకు కనిపించిందంటే పని చెడినట్టు. కనిపించకపోతే, చేసిన మనిషీ కనిపించదు. కిటికీ దగ్గర కూర్చుని లేసు కలుపుతున్నప్పుడు ఉన్నంత సంతోషం తనకి ఎప్పుడూ లేదని ఆమే ఒక ఉత్తరంలో రాసుకుంది. అదే మనిషి ఇంకో ఉత్తరంలో ఈ లేసు ప్రాణాలు తోడేస్తోందని విసుక్కుంది. రెండూ నిజమే. పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు.

ఈ ఉత్తరాలు రెండొందలకు పైగా మిగిలాయి. లిసియులో మందుల షాపు నడిపే తమ్ముడికి, ల మాన్స్‌లో మఠకన్య అయిన అక్కకి, అక్కడే హాస్టల్లో చదివే కూతుళ్లకి రాసినవి. మన పునీతుల చరిత్రల్లో మనుషులకి అలసట ఉండదు, తలనొప్పి రాదు. జేలీ ఉత్తరాల్లో అన్నీ ఉంటాయి. ఆర్డరు ఆలస్యం, పనిమనిషికి జ్వరం, పిల్ల పేచీ, ఆ పక్క వాక్యంలోనే దేవుడికి కృతజ్ఞత. లేసు ముక్కల్లాగే ఆ రెండిటి మధ్యా అతుకు దొరకదు. నేను చాలా వెతికాను.

రోజూ తెల్లవారుజామున 5:30 పూజకి భార్యాభర్తలు వెళ్లేవారు. ఆ వేళ వీధిలో తలుపు చప్పుడైతే మార్టిన్ దంపతులేలే అని ఇరుగుపొరుగు మళ్లీ నిద్రపోయేవారట. ఆదివారం లూయీ దుకాణం తెరిచేవాడు కాదు, బేరం పోయినా సరే. 1870లో ఆ దుకాణం అమ్మేసి భార్య లేసు వ్యాపారంలోకే వచ్చేశాడు. ఆ రోజుల్లో మగవాడు చేసే పనేనా? నాకైతే ఆ పెళ్లిలో అన్నిటికంటే అందమైన సంగతి అదే.

తొమ్మిది మంది పిల్లలు పుట్టారు. నలుగురు పోయారు. 1870 ఒక్క ఏడాదిలోనే ఐదేళ్ల హెలెన్, పొత్తిళ్లలో బిడ్డ ఇద్దరూ పోయారు. అసలు కనకపోతే బాగుండేది కదా అని ఎవరో అంటే ఆమె సహించలేదు. పిల్లలు పరలోకంలో ఉన్నారని నమ్మిన మనిషికి ఆ లెక్క అర్థం కాదు.

రొమ్ము క్యాన్సర్ ముదిరాక 1877 జూన్‌లో ముగ్గురు కూతుళ్లతో లూర్దు వెళ్లింది. గుణదల కొండెక్కి మొక్కుకునే మనకి ఆ ప్రయాణం ఎలాంటిదో తెలుసు. స్వస్థత కలగలేదు. వరం దొరికినంత హుషారుగా ఇంటికి వచ్చిందని లూయీ ఆశ్చర్యపోయాడు. ఆగస్టు 28న పోయింది, 45 ఏళ్లకి. అప్పటికి తెరేజకి ఐదేళ్లు కూడా నిండలేదు.

ఆ ప్రయాణంలో తీసుకెళ్లిన ముగ్గురిలో ఒకర్తి లియోనీ. ఎక్కడా ఇమడని పిల్ల. బడి వాళ్లు తిప్పి పంపేశారు. ఇంట్లో పనిమనిషి ఆమెను భయపెట్టి లొంగదీసుకుందని తల్లికి ఆఖరి ఏడాదిలోగానీ తెలియలేదు. తెలిశాక పిల్లని తన పక్కకి తెచ్చుకుంది. కానీ మిగిలిన రోజులు కొన్నే. ఈ కూతురు ఏమవుతుందోనన్న బెంగ చివరి ఉత్తరాల నిండా ఉంది. అక్కచెల్లెళ్లు నలుగురూ కార్మెల్ మఠంలో కుదురుకున్నారు. లియోనీ మూడుసార్లు మఠంలో చేరి మూడుసార్లు వెనక్కి వచ్చేసింది. నాలుగోసారి, 1899లో, తల్లి పోయిన 21 ఏళ్లకి, కాన్ పట్టణంలో విజిటేషన్ మఠం తలుపు తట్టింది. 1941లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది.