సవరణతో తరిగిన పెన్షన్, కదలిక లేక తరిగిన వైద్యం

సామాజిక బీమాను రద్దు చేస్తామని ఏ ప్రభుత్వమూ అనదు. పథకం పేరు, కార్యాలయం, చందా కోత అన్నీ ఉంటాయి. అర్హత మాత్రం లోపల్లోపల కుదించుకుపోతుంది. అది ఎలా జరుగుతుందో మన జీతాల చీటీలో పక్కపక్కనే కనిపించే పీఎఫ్ పెన్షన్, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చెబుతాయి.

1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) సవరణలతో తరిగింది. పెన్షన్‌లో కొంత భాగాన్ని ఒకేసారి నగదుగా తీసుకునే వీలు 2008 సెప్టెంబరులో పోయింది. 2014 సెప్టెంబరులో వేతన పరిమితిని 6,500 నుంచి 15,000 రూపాయలకు పెంచారు, కనీస పెన్షన్ వెయ్యి రూపాయలన్నారు. అదే నోటిఫికేషన్‌లో మరో రెండు మార్పులున్నాయి. 15,000 దాటిన జీతంతో కొత్తగా చేరేవారికి ఈ పెన్షన్ లేదు. సగటు జీతాన్ని చివరి 12 నెలలకు బదులు 60 నెలలకు లెక్కగడతారు. సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే పెన్షన్. పదిహేనేళ్ల సర్వీసుకు చివరి ఏడాది సగటు 15,000 అయితే 3,214 రూపాయలు వస్తుంది. ఐదేళ్ల సగటు 12,000 అయితే 2,571. ఏటా జీతం పెరిగిన కార్మికుడికే దెబ్బ. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఈ 60 నెలల లెక్కను సమర్థించింది.

ఈఎస్ఐ దారి వేరు. అక్కడ నిబంధన కదలకపోవడమే కోత. వేతన పరిమితి 2017 జనవరిలో 21,000 అయింది. 2024 ముగిసేనాటికీ అంతే. ఈలోగా 2024 అక్టోబరు నుంచి, తన పరిధిలోని నిర్మాణ పనుల్లో ‘ఏ’ ప్రాంతాల (పెద్ద నగరాల) సెమీ స్కిల్డ్ కార్మికుడికి కేంద్రమే నెలకు 22,568 రూపాయల కనీస వేతనం నిర్ణయించింది. అంటే ప్రభుత్వం కనీసమని ఒప్పుకున్న జీతమే, ప్రభుత్వ వైద్య బీమాకు ఎక్కువైపోయింది. జీతం గీత దాటితే ఆ చందా కాలం ముగిశాక సభ్యత్వం ఆగుతుంది. ఆ కార్మికుడి జబ్బు సెలవు భత్యమే కాదు, ఇంటిల్లిపాది వైద్యమూ పోతుంది.

ఈపీఎస్ మార్పులకు నిధిలో లోటును కారణంగా చూపారు. ఆ వాదనను కొట్టిపారేయలేం: పరిమితికి లోబడిన జీతంపై యజమాని కట్టే 8.33 శాతం, కేంద్రం ఇచ్చే 1.16 శాతంతో జీవితాంతం పెన్షన్ ఇవ్వాలి. ఈఎస్ఐకి ఆ సాకు లేదు. 2019 జులైలో దాని చందాను 6.5 నుంచి 4 శాతానికి తగ్గించారు. చందా తగ్గించగలిగిన పథకం, పరిధిని పెంచలేకపోయిందంటే నమ్మడం కష్టం. లోటున్న చోటా, వెసులుబాటున్న చోటా గడప ఇరుకైందంటే కారణం డబ్బొక్కటే కాదు. నిర్ణయం జరిగే తీరు కూడా కారణమే. నిర్ణయం గెజిట్‌లో ముగుస్తుంది. నష్టపోయేవారికి అది అమల్లోకి వచ్చాకే తెలుస్తుంది.

రెండింటికీ ఉమ్మడి ప్రమాదం ఇంకొకటుంది. కాస్త మెరుగైన జీతం, గట్టి యూనియన్ ఉన్నవారు బయటికి వెళ్లేకొద్దీ లోపల మిగిలేది అడిగే బలం తక్కువున్నవారు. డిస్పెన్సరీలో మందు లేకపోయినా, వెయ్యి రూపాయల పెన్షన్ పదేళ్లు కదలకపోయినా ప్రభుత్వంపై ఒత్తిడి పెరగదు. అలా ఒక కోత, తర్వాతి కోతను సులువు చేస్తుంది.

రెంటిలో మౌనంగా జరిగే కోతే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. సవరణను కోర్టులో సవాలు చేయొచ్చు, ఈపీఎస్ పెన్షనర్లు చేశారు కూడా. మారని అంకెపై దావా వేయడం కష్టం. అందుకే వేతన పరిమితి, కనీస పెన్షన్ రెండూ ఏటా వేతనాలు, ధరలతోపాటు వాటంతటవే పెరిగేలా చట్టంలోనే రాయాలి. లెక్క మార్చాలంటే నిధి మదింపు నివేదికను ముందుగా సభ్యుల ముందుంచాలి. మార్పు అప్పటికే చేసిన సర్వీసుకు వర్తించకూడదు. చందా కట్టినవాడు దయ కోరడం లేదు, కట్టిన నాటి షరతులు నిలబెట్టమంటున్నాడు.