కొండకు పడిందా?

నిన్న సాయంత్రం ఫోన్ కీచుమంది. పిడుగులు పడొచ్చు, చెట్ల కింద నిలబడొద్దని హెచ్చరిక. టీకొట్టు దగ్గరున్న నలుగురం తలెత్తి చూశాం. కంభం మీద చినుకు జాడ లేదు. బెంచీ చివర కూర్చున్న పెద్దాయన మాత్రం ఫోన్లకేసి చూడనేలేదు. పడమట నల్లబడుతున్న నల్లమల వైపు చెయ్యి చూపించి, "ఏం నాయనా, కొండకు పడిందా?" అన్నాడు.

మా ఊళ్ళో వాన గురించి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. మా పెరళ్ళలో ఎంత కురిసినా చెరువు నిండదు. గుండ్లకమ్మ పుట్టేది ఆ కొండల్లో, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. ఆ అడవిలో పడిన నీళ్ళు, జంపలేరు తెచ్చిన నీళ్ళు వచ్చి రెండు కొండల నడుమ కట్టకు ఆనితేనే ఆయకట్టులో వరి. ఈ చెరువును కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేరింది.

నైరుతి మాకు అంతంతమాత్రమే. పడమటి కనుమలు దాటేసరికి దాని చేతులు ఖాళీ అవుతాయి. కంది విత్తడానికి పదునిస్తే అదే పదివేలు. చెరువు ఆశంతా ఆశ్వయుజ, కార్తీకాల్లో బంగాళాఖాతంలో లేచే వాయుగుండాల మీదే. కోస్తావాళ్ళు తుపానంటే వణికే రోజుల్లో మేం లోలోపల సంబరపడతాం. చెప్పుకోవడానికి సిగ్గే.

వాన కొలిచే పిచ్చి పట్టి నాకు ఆరేళ్ళయింది. నిటారు గోడల గాజు జాడీ, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు. మొదటి ఏడాది వేపచెట్టు కింద పెట్టి, వాన వెలిశాక కూడా ఆకుల నుంచి కారే నీళ్ళను కొలుస్తూ మురిసిపోయాను. మిద్దె మీదికి మార్చాక లెక్క దారిన పడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే లీటరు నీళ్ళు. ఎకరానికైతే నాలుగు వేల లీటర్ల పైమాటే. వాతావరణ శాఖ వారికి రోజులో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన రోజు. జాడీ అడుగు తడిసి ఊరుకున్న రోజులు వాళ్ళ పద్దులో లేవు.

బులెటిన్ భాష కూడా జాడీయే నేర్పింది. "ఒకటి లేక రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి తడవవని. ఆ లెక్కన మిగతా ముప్పాతికలో మా మిద్దె ఉంటే జోస్యం తప్పినట్టు కాదు. ఇది తెలియక ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

పెద్దాయనది కార్తెల లెక్క. ఇప్పుడు చిత్త నడుస్తోంది, స్వాతిలో చూడమంటాడు. కార్తె సూర్యుడి నడకను బట్టి వచ్చేది కాబట్టి అది ఈ ఏటి జోస్యం కాదు, తరతరాల సగటు. అయితే నక్షత్రాల లెక్క రుతువుల నుంచి డెబ్భై ఏళ్ళకు ఒక రోజు చొప్పున వెనకబడుతుంది. చెరువు కట్టిన నాటితో పోలిస్తే చిత్త దాదాపు వారం ఆలస్యం, అంటే అర కార్తె. ఈ మాట ఆయనతో అంటే, "అయితే వానే మారాలి" అని నవ్వేశాడు.

దూరపు గుడి దగ్గర వాన అన్న సామెతను మాత్రం కొట్టిపారేయలేను. దూరపు గుడి అంటే చంద్రుడి చుట్టూ పెద్ద వలయం; దాన్ని కట్టేది బాగా ఎత్తున్న మంచు మబ్బులు. వాయుగుండానికి ముందుగా పరుచుకునేవి తరచూ అవే.

పొద్దున కట్ట మీదికి వెళ్ళాను. నిన్న నీటి అంచున బయటికి కనబడిన రాయి ఇవాళ లేదు. ఎర్రనీళ్ళు, వాటి మీద తేలుతూ అడవి ఆకులు. ఇంటికొచ్చి జాడీ చూసి, తేదీ పక్కన సున్నా రాసుకున్నాను.