చూసి పోయేవాళ్లు

తొలకరి పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లోకి జనం దిగుతారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాదు, కర్ణాటక నుంచీ వచ్చి వజ్రపు రాయి కోసం మట్టిని గాలిస్తారు. వాళ్ల వెనకే కెమెరాలు. అదే పదునుకు వేరుశనగ విత్తాల్సిన రైతు ఆ గట్టునే ఉంటాడు. ఆయన్ని ఎవరూ చూడలేదనడానికి లేదు. ఫొటోలో పడతాడు, వజ్రం ఎవరికైనా దొరికిందా అని అడిగితే జవాబూ చెబుతాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే ఈ జిల్లాలో ఈసారి విత్తనానికి అప్పెక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు. ఎవరి కంటా పడకపోవడం ఒక బాధ. అందరి కంటా పడి ఎవరి మనసుకూ చేరకపోవడం అంతకంటే పెద్ద బాధ. చూసినవాళ్లు తమకు అంతా తెలిసిందనుకుంటారు, ఇక అడగరు.

రైతు ఆత్మహత్య జరిగిన ఇంట్లో ఇది మరీ స్పష్టం. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 421 అలాంటి కుటుంబాలకు రూ.1.5 లక్షల సాయం ప్రకటించింది. అది అవసరమైన ఉత్తర్వే. అయితే విచారణకు వచ్చినవాళ్లకు కావాల్సింది పట్టా, అప్పు పత్రం, ఎఫ్‌ఐఆర్. భర్త పోయిన మనిషి చుట్టూ ఇంతమంది చేరినా, ఆమె దుఃఖం ఏ గడిలోనూ పట్టదు. కడుపు నింపేది పరిహారమే గాని ఓదార్పు కాదని కొందరంటారు. డబ్బే ముందు, నిజమే. కానీ పట్టా లేని కౌలు రైతు, నోటి మాట మీద చేసిన అప్పు కాగితాల్లో కనబడవు. ఆ ఇల్లాలిని నిదానంగా చెప్పనిస్తేనే బయటపడతాయి. వినకపోతే సాయమూ దారి తప్పుతుంది.

ప్రతి ఇంటి దుఃఖాన్నీ మోస్తూ పోతే విలేకరి, అధికారి పని చేయగలరా అన్నది ఇంకో అభ్యంతరం. మోయమని ఎవరూ అడగడం లేదు. పరామర్శ నేర్చుకోదగిన పని. మన పల్లెల్లో చావింటికి పోయినవాళ్లు ముందు కూర్చుంటారు, ఎదుటి మనిషి నోరు విప్పేదాకా ఆగుతారు, లెక్కల మాట తర్వాత. ఆ క్రమం మన వృత్తుల్లోకీ రావాలి. నోటుబుక్కు తెరిచే ముందు "ఎట్లా గడుస్తాందమ్మా?" అని అడగాలి, జవాబు పూర్తయ్యేదాకా ఆగాలి, వార్తతో అవసరం తీరాక ఇంకోసారి పోవాలి. ఈ మూడూ చేయనంత కాలం కరువు సీమ గురించి మనం ఎంత రాసినా, అది మన అవసరానికి రాసుకున్నదే అవుతుంది.