అరువు ఇచ్చే ముందు లెక్క చూడండి

తణుకు చుట్టుపక్కల వ్యాపారంలో మాటకు విలువుంది. ముందు సరుకు వెళ్తుంది, డబ్బు తర్వాత వస్తుంది. కొనేది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే మనవాళ్లకు ధైర్యం ఇంకాస్త ఎక్కువ. నిజానికి జాగ్రత్తపడాల్సింది అక్కడే. కంపెనీ మునిగితే డైరెక్టర్ల సొంత ఇల్లూ పొలమూ మామూలుగా మన బాకీకి రావు. ఆ రక్షణ ఇచ్చిన చట్టమే, లెక్కలు నలుగురికీ కనిపించాలని కూడా చెప్పింది.

1947లో మన ఊళ్లో పుట్టిన ఆంధ్రా షుగర్స్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉంది కనుక మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటిస్తుంది. మిగతా కంపెనీల లెక్కలు మనమే వెతుక్కోవాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కడితే, ఒక కంపెనీ దాఖలు చేసిన పత్రాలను ఎవరైనా చూడొచ్చు. ఏఓసీ-4 అనే ఫారంతో బ్యాలెన్స్ షీటు ఉంటుంది. మార్చి లెక్కలు మామూలుగా అక్టోబరు చివరికి గానీ అందులోకి రావు.

నేను లాభం అంకెతో మొదలుపెట్టను. ముందు ఛార్జీల జాబితా, అంటే కంపెనీ ఆస్తుల మీద ఉన్న తాకట్టుల జాబితా చూస్తాను. స్టాకూ, రావాల్సిన బాకీలూ బ్యాంకు తాకట్టులో ఉంటే, మనం అరువిచ్చిన సరుకు మీద కూడా తొలి హక్కు బ్యాంకుదే. తర్వాత, సరుకు ఇచ్చినవాళ్లకు కట్టాల్సిన బాకీల పట్టిక. 2021 నుంచి ఆ బాకీలను ఏడాదిలోపువి, రెండేళ్లవి, మూడేళ్లవి, అంతకు మించినవి అని విడదీసి చూపాలి. పాత గడుల్లో పెద్ద అంకెలుంటే, లాభం ఎంత కనిపించినా నేను ఆగుతాను. చివరగా ఆడిటర్ రిపోర్టు, డైరెక్టర్ల బంధువుల సంస్థలతో జరిగిన లావాదేవీలు.

బ్యాంకు అప్పుకు రేటింగు తీసుకున్న కంపెనీ అయితే క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి రేటింగు సంస్థలు రాసిన వివరణలు ఉచితంగా దొరుకుతాయి. కంపెనీ సహకరించడం లేదని అక్కడ రాసి ఉంటే, దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి.

భాగస్వామ్య సంస్థగా నడిచే రైస్ మిల్లుకు ఈ దారి లేదు. దాని లెక్కలు ఏ పోర్టల్‌లోనూ ఉండవు. జీఎస్టీ నంబరు కొట్టి, రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో, రిటర్నులు ఏ తేదీల్లో వేస్తున్నారో చూడొచ్చు. మిగతాది అడిగి తెలుసుకోవాల్సిందే.

అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడతాం. తాకట్టు పెట్టించుకుని, డైరెక్టర్ల హామీ రాయించుకున్నాక కూడా బ్యాంకు బ్యాలెన్స్ షీటు అడుగుతుంది. ఏ హామీ లేకుండా లారీ నింపి పంపేవాళ్లకు ఆ కాగితం చూసే అవసరం బ్యాంకుకన్నా ఎక్కువ.