చూపు ఒక్కటే అయితే...

సినిమా అధ్యయనం పాఠం చెప్పేటప్పుడు 'మేల్ గేజ్' అన్న మాట బోర్డు మీద రాసి, దీన్ని తెలుగులో ఏమందాం అని అడగడం నాకు అలవాటు. 'పురుష దృష్టి' అంటారు కొందరు. 'మగచూపు' అంటారు ఇంకొందరు. హన్మకొండలో ఒక ఏడాది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "చూసి ఊకుంటే మంచిగనే ఉండు మేడమ్, ఎంటవడ్తరు కదా!" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. కానీ ఆ పిల్ల నవ్వలేదు. నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠంలో ఒక ఖాళీ ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

లారా మల్వీ 1975లో 'స్క్రీన్' పత్రికలో రాసిన వ్యాసంతో ఈ మాటకు ప్రచారం వచ్చింది. హాలీవుడ్ సినిమాలో చూసేవాడు మగవాడు, చూడబడేది స్త్రీ అని ఆమె వాదన. సినిమాలో మూడు చూపులుంటాయి. కెమెరాది ఒకటి, ప్రేక్షకులది ఒకటి, తెరమీద పాత్రలు ఒకరినొకరు చూసుకునేది ఒకటి. మొదటి రెండూ మూడో దాని చాటున దాక్కుంటాయి. కాబట్టి హీరో చూస్తున్నాడనే మనం అనుకుంటాం, మనమూ చూస్తున్నామన్నది గుర్తుండదు. స్త్రీ అందంగా కనబడే క్షణంలో కథ కాసేపు ఆగిపోతుందని కూడా ఆమె అంది. మన పాటలు చూస్తే అది నిజమే కదా అనిపిస్తుంది. కథ ఎక్కడిదక్కడ ఆగుతుంది, కెమెరా ఆమె నడుము దగ్గరికి వెళ్తుంది.

అయితే చూడబడటం అంటే ఏమిటో తెలియడానికి మనకు మల్వీ అక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో చాప మీద తల వంచుకుని కూర్చున్న ప్రతి ఆడపిల్లకూ అది తెలుసు. 'దృష్టి' అనే మాటే మన ఇళ్ళలో 'దిష్టి' అయింది. చూపుకు దెబ్బ కొట్టే శక్తి ఉందని మన అమ్మమ్మలకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇదంతా నేను క్లాసులో ఉత్సాహంగా చెప్పేదాన్ని. ఆ పిల్ల అడిగింది మాత్రం ఇది కాదు.

2000 తర్వాత వచ్చిన మన ప్రేమకథల్ని తీసుకోండి. 2002లో వచ్చిన 'ఇడియట్'లో కానిస్టేబుల్ కొడుకు పోలీస్ కమిషనర్ కూతురి వెంటపడతాడు. 2004లో వచ్చిన 'ఆర్య'లో ఇంకొకరితో ఉన్న గీత వెంట ఆర్య పడతాడు. ఈ సినిమాల్లో ఆమెను చూడటానికి కథ ఆగదు. వెంటపడటమే కథ. బస్సు స్టాపు, కాలేజీ గేటు, ఆమె ఇల్లు, ఒక్కో చోటికి అతను వెళ్తుంటే కెమెరా అతని భుజం పక్క నుంచి వెళ్తుంది. అతనికి స్నేహితులుంటారు, హాస్యం ఉంటుంది, బాధ ఉంటుంది. ప్రేక్షకుడు పాత్రతో ఒకటైపోవడాన్ని మన వాళ్ళు తాదాత్మ్యం అన్నారు. ఆ తాదాత్మ్యం అంతా అతనితోనే. ఆమె "వద్దు" అంటే అది జవాబు కాదు, ఇంకా సగం సినిమా ఉందని గుర్తు.

'ఆర్య'లో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది అజయ్ పాత్ర. తనను ప్రేమించకపోతే మేడ మీది నుంచి దూకుతానని బెదిరించి అజయ్ గీత చేత ఒప్పిస్తాడు. అది తప్పని సినిమాకు తెలుసు, అందుకే అతన్ని చెడ్డవాణ్ణి చేసింది. ఆర్య ఆమెను వదలకుండా వెంట ఉండటం మాత్రం త్యాగం. గీతను అటొకరు ఇటొకరు నిలబెట్టి అడుగుతూ ఉంటారు. ఎవరూ వద్దు, నేను చదువుకుంటాను అనే దారి ఆ కథలో ఎక్కడా లేదు. హాల్లో ఈలలు వేసిన వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు, నాకు అదీ గుర్తుంది. మల్వీ చూపు సిద్ధాంతం ఆ ఈలను వివరించలేదు. ఇంతగా వెంటపడేవాడు ఉంటే బాగుండునని మనకే అనిపించేలా చేసే శిల్పం అది.

2008 డిసెంబర్ 10న వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరమ్మాయిలు స్కూటర్ మీద ఇంటికి వెళ్తుంటే వాళ్ళ మీద యాసిడ్ పోశారు. వాళ్ళలో ఒకరి వెంటపడుతూ వచ్చిన యువకుడు, అతని స్నేహితులు ఇద్దరు నిందితులు. 13వ తేదీన ఆ ముగ్గురూ పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. 31న ఆ ఇద్దరిలో ఒకమ్మాయి చనిపోయింది.

సినిమా చూసి యాసిడ్ పోశారని నేను అనను. ఆ వాదన తేలిక, పైగా సినిమావాళ్ళకు దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నాకు ఆసక్తి కలిగించేది పత్రికలూ టీవీలూ వాడిన మాట, 'ప్రేమోన్మాది'. మీడియా అధ్యయనంలో ఫ్రేమింగ్ అంటారు, వార్తకు చట్రం కట్టడం. ఈ ఒక్క మాటలోనే చట్రమంతా ఉంది. ముందు 'ప్రేమ'. అతనిది ప్రేమేనని ఎవరు తేల్చారు? అతనే చెప్పుకున్నాడు, విలేకరి రాసుకున్నాడు. తర్వాత 'ఉన్మాది'. అంటే పిచ్చివాడు, మనలో వాడు కాదు, మన వీధిలో మన ముందే రోజూ వెంటపడిన వాడు కాదు. ఈ రెండు ముక్కల మధ్య ఆమె ఎక్కడా లేదు. వాక్యంలోకి వచ్చినా 'ప్రేమను నిరాకరించినందుకు' అన్న రూపంలో వస్తుంది, జరిగినదానికి కారణంగా! యాసిడ్ పోయడానికి కర్త అతను, కారణం ఆమె. వ్యాకరణం ఎంత పని చేస్తుందో చూడండి.

ఇక ముగింపు. సినిమా పాఠంలో క్లోజర్ అంటాం, తెరిచిన ప్రశ్నలన్నీ మూసేసి ప్రేక్షకుణ్ణి తృప్తిగా ఇంటికి పంపడం. 'ఆర్య'లో అది గీత ఒప్పుకోవడంతో వస్తుంది. ఇక్కడ అది తుపాకీతో వచ్చింది. పోలీసు అధికారికి పూలదండలు పడ్డాయి. ఆ రోజుల్లో ఎన్‌కౌంటర్‌ను ప్రశ్నించిన స్త్రీలు తిట్లు తిన్నారు. మీ ఇంట్లో పిల్లకు జరిగితే తెలుస్తుంది అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఉదయం ఒక్క క్షణం హాయిగా అనిపించింది. దాన్ని దాచుకుని ఈ వ్యాసం రాయలేను. ఆ హాయి కథ ముగిసినందుకు కలిగింది, మన ఆడపిల్లలకు ఏదో జరిగినందుకు కాదు. వాళ్ళ ఫిర్యాదు ముందే ఎవరు విన్నారు, యాసిడ్ అంత సులువుగా ఎలా దొరికింది, ఈ ప్రశ్నలు శుభం కార్డు తర్వాత ఎవరూ అడగరు.

ముగిసిందా అంటే ముగియలేదు. 2019 ఫిబ్రవరిలో అదే హన్మకొండలో ఒక డిగ్రీ విద్యార్థిని మీద పెట్రోలు పోసి నిప్పంటించారు. మళ్ళీ 'ప్రేమోన్మాది' అనే రాశారు. అదే ఏడాది డిసెంబర్‌లో షాద్‌నగర్ దగ్గర మరో ఎన్‌కౌంటర్, మళ్ళీ పూలు. అది నిజమైన ఎదురుకాల్పులు కాదని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చేసరికి పూలు చల్లినవాళ్ళలో ఎందరు చదివారో!

చట్టం మాత్రం ఆ పిల్ల చెప్పిన మాటకు దగ్గరగా వచ్చింది. 2013లో శిక్షాస్మృతిలో 354డి సెక్షన్ చేర్చి వెంటపడటాన్ని విడిగా నేరం చేశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. 'చూపు' కంటే 'వెంటపడటం' పట్ల చట్టానికే ఎక్కువ స్పష్టత ఉంది, మా సినిమా పాఠాలకు లేదు. సినిమాలకైతే చెప్పనే అక్కర్లేదు. ఆ చట్టం వచ్చిన నాలుగేళ్ళకు, 2017లో, మా వరంగల్‌కు చెందిన దర్శకుడే 'అర్జున్ రెడ్డి' తీశాడు. అందులో హీరో జూనియర్ అమ్మాయిని ఇది నాది అని కాలేజీకి ప్రకటిస్తాడు. ఆమె మాట్లాడటం మనం వినేసరికి చాలా సినిమా అయిపోతుంది. 2021లో వచ్చిన 'వకీల్ సాబ్' వద్దంటే వద్దు అని గట్టిగానే చెప్పింది, కాకపోతే చెప్పింది వకీలు.

వేరేగా తీయలేమా అంటే, బి. నర్సింగరావు 1988లోనే 'దాసి' తీశారు. గడీలో దొరకు దాసిగా బతికే కమలాక్షి కథ అది. అర్చన వేసిన ఆ పాత్ర ఎక్కువ మాట్లాడదు. కానీ కెమెరా ఆమె వెంటపడదు, ఆమె పనులు చేసుకుంటుంటే ఒక పక్కన నిలబడి ఆగుతుంది. దొర ఆమె దగ్గరికి వచ్చినప్పుడు మనం దొర భుజం పక్కన ఉండం. ఆమెతో పాటు ఆ గదిలో ఉండిపోతాం. మల్వీ చెప్పిన మూడు చూపుల్ని విడదీసి చూపించడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు క్లాసులో ఇంకో పని ఇస్తున్నాను. 'ఆర్య' కథను గీత కర్తగా పది వాక్యాల్లో రాయమంటాను. మూడు వాక్యాలు బాగానే వస్తాయి. గీత కాలేజీకి వెళ్ళింది, గీత స్నేహితులతో మాట్లాడింది, గీత భయపడింది. నాలుగో వాక్యం నుంచి అందరూ తెలియకుండానే ఆర్య దగ్గరికి వెళ్ళిపోతారు. మగపిల్లలు, ఆడపిల్లలు ఇద్దరూ అంతే. కిందటిసారి ఒకమ్మాయి సినిమా వదిలేసి తన సంగతి రాసింది. "నేను బస్సు మార్చిన. తర్వాత స్టాపు మార్చిన. తర్వాత ఫోన్ నంబరు మార్చిన. ఇంట్ల చెప్తే చదువు మాన్పిస్తరని చెప్పలే" అని. పది వాక్యాలూ ఆమే కర్త. ఆ కాగితం మీద ఎన్ని మార్కులు వేయాలో తెలియక ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంచుకున్నాను.